నూరు రూపాయల కోత

మా బడిలో నీళ్ళుండే మరుగుదొడ్డి ఒక్కటే ఉండేది. దాని తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కావడం లేదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. బళ్ళారి నుంచి కంప్లికి పోయే దారిలో, వరిమళ్ళ మధ్య ఉండే ఊరు. బడి కన్నడ మీడియం. నా ఇంటి భాష తెలుగు, మా చర్చి భాషా తెలుగే. బడిలో పిల్లలు సగానికి పైగా నాలాంటివాళ్ళే: ఇంట్లో తెలుగు, పుస్తకంలో కన్నడ, సంతలో ఆ రెంటికీ తోడు ఉర్దూ ముక్కలు. మా జిల్లాలో అదేం గొప్ప కాదు, బస్సు కండక్టరుకు కూడా వచ్చు. అయితే బడిలో ఒక కట్టుబాటు ఉంది. బయటి నుంచి అధికారి ఎవరైనా వస్తే పిల్లల నోట తెలుగు రాకూడదు. వస్తే, ఇక్కడ కన్నడ సరిగా చెప్పడం లేదనే మాట మా మీద పడుతుంది. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదది. కానీ అందరికంటే గట్టిగా దాన్ని అమలు చేసింది నేనే. తెలుగింటిదాన్ని కాబట్టి అనుమానం ముందు నా మీదే వస్తుందని.

తొమ్మిదో తరగతికి పార్లమెంటు పాఠం చెప్పడమంటే నాకు పండగ. పుస్తకంలో ఉన్నది నాలుగు పేజీలు. నేను పది రోజులు చెప్తాను. ఫిబ్రవరి ఒకటో తారీఖున పదకొండు గంటలకు ఆర్థికమంత్రి బడ్జెట్ చదువుతుంటే నా ఫోన్‌ను డస్టర్‌కు ఆనించి బల్ల మీద నిలబెడతాను. పిల్లలు చుట్టూ మూగుతారు. మంత్రి చదివేది వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు, నాకూ సగమే అవుతుంది. అయినా ఆ తర్వాత జరిగేది చెప్పడం నాకిష్టం.

"మంత్రి చదివేసినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. దేశం డబ్బంతా ఒక్క నిధిలో ఉండాది. సభ సరే అనకుండా అందులోంచి ఒక్క పైసా తీసేదానికి లేదు. రక్షణశాఖ అయినా, రైల్వే అయినా, మన చదువుల శాఖ అయినా సభ ముందుకొచ్చి, మాకింత కావల్ల అని అడగాల్సిందే. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒక్కో శాఖ అలా అడిగేదాన్ని గ్రాంటు డిమాండు అంటారని, దాని మీద లోక్‌సభలో చర్చ జరిగి ఓటు పడుతుందని, అన్నీ అయ్యాక ఖర్చుకు ఒక చట్టం, పన్నులకు ఒక చట్టం చేస్తారని, రాజ్యసభ సలహా చెప్పగలదే గానీ ఆపలేదని చెప్పేదాన్ని. టైము చాలకపోతే చివరి రోజున మిగిలిన డిమాండ్లన్నిటికీ చర్చ లేకుండా ఒకేసారి ఓటు పెట్టేస్తారు, దాన్ని గిలెటిన్ అంటారు, అది తలలు నరికే యంత్రం పేరు అని చెప్తే మగపిల్లలకు భలే సరదా. పాఠం అయిన వారం రోజులూ బల్లల మీద చేత్తో నరుక్కునేవాళ్ళు.

కోత తీర్మానాల దగ్గరికి వచ్చేసరికి నేను కూర్చోవడం మానేసి నిలబడేదాన్ని. శాఖ అడిగిన డబ్బు తగ్గించాలని ప్రతిపక్షం వాళ్ళు పెట్టేది కోత తీర్మానం. విధానమే నచ్చకపోతే, మొత్తాన్ని ఒక్క రూపాయికి తగ్గించండి అంటారు. దుబారా అనిపిస్తే ఇంత తగ్గించండి అంటారు. మూడోది నాకు బాగా ఇష్టమైనది: ఒక్క నూరు రూపాయలు తగ్గించండి అంటారు. కోట్లలో నూరు రూపాయలు. డబ్బు కోసం కాదు, ఒక్క బాధ చెప్పుకోవడానికి.

నేను చెప్పబోయేది జరిగిన సంవత్సరం ఈ పాఠం అయ్యాక మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. మామూలుగా లేచే పిల్ల కాదు. వాళ్ళమ్మ కూలికి పోతుంది, నాన్న లేడు. మార్కులు మధ్యరకం, రాత మాత్రం ముత్యాలు.

"మేడమ్, ఆ కోత గెలుస్తాదా?"

"గెలవదు. ప్రభుత్వానికి ఎక్కువమంది ఉంటారు గదా."

"ఓడిపోతాదని తెల్సీ ఎందుకు పెడ్తారు?"

ఆ ప్రశ్నకు నేను పొంగిపోయాను. "సభలో అన్న ప్రతి మాటా రాసుకునేవాళ్ళు ఉండారు. ఒకసారి రాసినాక ఈ మాట ఎవురూ చెప్పలేదే అని ఎవురూ తప్పించుకునేదానికి లేదు. అందుకు పెడ్తారు" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుని నోట్సులో రాసుకుంది. ఇంకొకడు లేచి, సభలో ఏ భాషలో మాట్లాడల్ల అన్నాడు. ముందుగా చెప్పి పెడితే సభ్యులు తమ భాషలోనే మాట్లాడవచ్చని, భాషాంతరం చేసేవాళ్ళు గాజుగదిలో కూర్చుని అందరి చెవుల్లోకి చేరవేస్తారని చెప్పాను. అదీ రాసుకుంది.

చెప్పేవి శ్రీరంగనీతులు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక మరుగుదొడ్ల సంగతి. అప్పటికి మూడేళ్ళ ముందు గ్రాంటు వచ్చి ఆడపిల్లలకని నాలుగు గదులు కట్టారు. గులాబీ రంగు వేశారు, గోడ మీద ఆడపిల్ల బొమ్మ గీశారు, పైన నల్ల ట్యాంకు పెట్టారు. మోటారూ పైపూ వారంలో వస్తాయని కాంట్రాక్టరు చెప్పాడు. అది మార్చి నెలాఖరు. డబ్బు ఆ నెలలోపల ఖర్చయినట్టు కాగితం పోకపోతే వెనక్కి పోతుంది. పని పూర్తయింది, నీటి సౌకర్యంతో సహా, అని రాసిన కాగితం మీద హెడ్మాస్టరు సంతకం పక్కన సీనియర్ టీచరు సంతకం కావాలి. నా బస్సు టైమైంది. స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడే సంతకం పెట్టాను. చదవలేదు అని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. చదివాను. ఎలాగూ వారంలో వస్తాయి కదా అనుకున్నాను.

మోటారు రాలేదు. గదులకు తాళాలు పడ్డాయి. మేం ముగ్గురు టీచరమ్మలం వాడుకునే పాతదానికి మాత్రం ఆయా రోడ్డవతల బోరింగు నుంచి రోజూ రెండు బకెట్లు తెచ్చిపోసేది. దాని తాళంచెవే నా దగ్గర ఉండేది.

ఆడపిల్లలు ఏం చేసేవాళ్ళని మీరు అడగవచ్చు. నేను అడగలేదు. వాళ్ళు పొద్దున నీళ్ళు తాగడం మానేసి బడికి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం భోజనంలో చారు ఎక్కువ పోయించుకునేవాళ్ళు కాదు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగేవి. ఆ మూడో వరస అమ్మాయి ఒకరోజు మూడో పీరియడు అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి చిన్నగొంతుతో, "మేడమ్, ఒక్క తూరి బీగంచెవి ఇస్తారా?" అంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"నీకిస్తే అందరికీ ఇయ్యల్ల. రెండు బకెట్ల నీళ్ళు ఎంతమందికొస్తాయో నువ్వే లెక్క చెప్పు."

"హౌదు మేడమ్" అని, అవునని కన్నడంలో ఒప్పుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఇంటికి పోయిన పిల్ల నాలుగు రోజులు రాలేదు. హాజరుపట్టీలో నేనే గీతలు గీశాను.

ఆ ఫిబ్రవరి చివర్లో తాలూకా విద్యాధికారి మా బడికి వస్తున్నాడని, పిల్లల చేత మాదిరి పార్లమెంటు చేయించాలని హెడ్మాస్టరు చెప్పాడు. నేను రెండు పక్షాలకూ మాటలు రాశాను. ప్రతిపక్షం అడిగే ప్రశ్నలూ నేనే రాశాను, మంత్రులు చెప్పే జవాబులూ నేనే. ప్రశ్నలు జవాబులకు సరిగ్గా అతికేలా ముందు జవాబులు రాసుకుని, తర్వాత ప్రశ్నలు తయారుచేశాను. ఆ అమ్మాయికి ప్రతిపక్షంలో ఒక్క వాక్యం ఇచ్చాను, లైబ్రరీ పుస్తకాల మీద.

కార్యక్రమానికి ముందురోజు హాజరుపట్టీ తెరిస్తే మడిచిన కాగితం ఒకటి ఉంది. ముత్యాల్లాంటి కన్నడ అక్షరాలు. విద్యాశాఖ డిమాండులో నూరు రూపాయల కోతకు తీర్మానం పెట్టదలచుకున్నానని, ఆడపిల్లల అసౌకర్యం గురించి అని ఉంది. కింద ఇంకో రెండు వాక్యాలు: నేను తెలుగులో మాట్లాడతాను, భాషాంతరం మేడమ్ గారు చేయాలని కోరుతున్నాను.

నోటీసు ఒకరోజు ముందు ఇవ్వాలని చెప్పింది నేనే. ఇచ్చింది. ఏ భాషో ముందే చెప్పాలని చెప్పింది నేనే. చెప్పింది. నిజం సభలో అయితే ఇది రాష్ట్రం చూసుకునే సంగతి అని స్పీకరు దాన్ని తోసిపుచ్చే వీలుంది. ఆ వంక నాకు ఆ రోజు తట్టలేదు. తట్టి ఉంటే తప్పక వాడుకునేదాన్ని. నాకు తోచిందల్లా, పిల్ల ఆటకు రాసింది, ఎదురుగా అధికారిని చూస్తే నోరు పెగలదులే అని. కాగితం పుస్తకంలో పెట్టుకున్నాను. పిలిచి కాదని చెప్పలేదు, సరేనని కూడా చెప్పలేదు.

మరునాడు పదిన్నరకు సభ మొదలైంది. బడి ముందు షామియానా, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు. విద్యాధికారి సముద్రం వైపు జిల్లావాడు. కొత్తగా బదిలీ మీద వచ్చాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. మంచి మనిషిలాగే కనిపించాడు, అదే ఇప్పుడు బాధ. ఆయనకు ఒక పక్క హెడ్మాస్టరు, ఇంకో పక్క నేను.

ఆర్థికమంత్రి వేషం కట్టిన పిల్లవాడు ఎర్రగుడ్డ చుట్టిన ఫైలు పట్టుకొచ్చి గడగడా చదివాడు. రక్షణశాఖ డిమాండు అయింది, హౌదు అన్నారు, బల్లలు చరిచారు. వ్యవసాయం అయింది. విద్యాశాఖ వచ్చింది. లైబ్రరీ పుస్తకాల మీద ప్రశ్న అడగాల్సిన చోట ఆ అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో కాగితం లేదు. ఒకసారి నా వైపు చూసింది. నేను భాషాంతరానికి సిద్ధంగా ఉన్నానా అని చూసిందని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు భయపడి చూస్తోందనుకుని తల ఊపాను.

"సభాధ్యక్షా, చదువుల శాఖ అడిగిన దుడ్లలో నూరు రూపాయలు కోయల్లని అడుగుతాండా. మన బడిలో ఆడపిల్లోల్లకు నాలుగు దొడ్లు కట్టినారు. నీళ్ళు లేవు. మూడేండ్లుగా బీగాలు ఏసి ఉండాయి. నీళ్ళొచ్చినాయని కాయితంలో రాసినారంట. యాడొచ్చినాయి? మేం పొద్దన్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూసుంటాండాం. నాకు రెండు తూర్లు జరమొచ్చింది, మంటతో ఏడ్చినా. ఇట్లాంటి మాట సభలో చెప్పకూడదో ఏమో నాకు తెల్దు. ఈ నూరు రూపాయలు కోస్తే ప్రభుత్వమేం పడిపోదు. ఈ మాట రాసుకోవల్లని అడుగుతాండా, అంతే."

గొంతు వణకలేదు. హెడ్మాస్టరు కుర్చీలో కదిలాడు. ఆయనకూ తెలుగు వచ్చు.

విద్యాధికారి నా వైపు వంగాడు. "ఏన్ హేళ్తా ఇద్దాళె ఆ హుడుగి? నూరు రూపాయి అంతాళల్ల?" అన్నాడు. ఏమంటోంది ఆ పిల్ల, నూరు రూపాయలంటోంది కదా, అని.

నూరు రూపాయలు రెండు భాషల్లోనూ నూరు రూపాయలే. నీళ్ళు అన్నది కూడా, కన్నడంలోనూ నీరే కాబట్టి, ఆయన చెవిన పడే ఉంటుంది. ఆ రెండు మాటలనూ పట్టుకుని నేను కన్నడంలో, పదిమందికీ వినబడేలా చెప్పాను: "సార్, ప్రభుత్వం ఆడపిల్లలకు నాలుగు మరుగుదొడ్లు కట్టించినందుకు కృతజ్ఞతలు చెప్తోంది. నీళ్ళు విలువైనవి, దుబారా చెయ్యకూడదు, పిల్లలందరం తలా నూరు రూపాయలు పొదుపు చేసి బడికిద్దాం అంటోంది."

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నా కన్నడ ఎప్పుడూ అంత చక్కగా రాలేదు.

"తుంబా సంతోష", చాలా సంతోషం, అని ఆయన చప్పట్లు కొట్టాడు. హెడ్మాస్టరు అంతకంటే గట్టిగా కొట్టాడు. పిల్లలు కొట్టలేదు. అక్కడున్న పిల్లల్లో తెలుగు రానివాళ్ళు పదిమంది కూడా ఉండరు. ఆమె అన్నదీ విన్నారు, నేనన్నదీ విన్నారు. విద్యామంత్రి వేషం కట్టిన అమ్మాయి జవాబు చెప్పడానికి లేచి, రెండింట్లో దేనికి చెప్పాలో తెలియక నన్నే చూస్తూ నిలబడింది. స్పీకరుగా కూర్చున్న పిల్లవాడు కూడా నన్నే చూశాడు. నేను కూర్చున్నచోటి నుంచే, టైము లేదు, గిలెటిన్, అని చేత్తో సైగ చేశాను. వాడు సుత్తి కొట్టి మిగిలినవన్నీ ఒకేసారి ఓటుకు పెట్టాడు. హౌదు, హౌదు, హౌదు.

ఆ అమ్మాయి మాత్రం ఇంకా నిలబడే ఉంది. కోపంగా కాదు. సభలో లెక్కల ప్రకారం ఆమె ఇంకా కూర్చోకూడదు కదా, తీర్మానం మీద ఓటు కాలేదు. పక్క పిల్ల లంగా పట్టి లాగితే కూర్చుంది.

చివర్లో విద్యాధికారి అందరికీ మంచి మాటలు చెప్పి, ఆ పొదుపు పిల్ల ఎవరమ్మా అని పిలిచి తన జేబులో పెన్ను తీసిచ్చాడు. ఆమె రెండు చేతులతో పుచ్చుకుంది. నేను చెప్పులు చూసుకుంటూ ఉన్నాను.

అంతటితో అయిపోయినా బాగుండేది. హెడ్మాస్టరు గదిలో టీ తాగుతూ ఆయన అన్నాడు: చిన్న చిన్న రిపేర్లకని నా దగ్గర కొంచెం డబ్బు మిగిలి ఉంది, మార్చి నెలాఖరు దాటితే వెనక్కి పోతుంది. ఏ బడికి పోయినా అన్నీ బాగున్నాయనే చెప్తున్నారు. ఇక్కడేమైనా అవసరముందా?

ఇక్కడ. ఈ ఒక్క ప్రశ్నే అడిగాడు. మోటారుకూ పైపుకూ అది సరిపోయేది, ఎక్కువే అయ్యేది కూడా. హెడ్మాస్టరు టీ కప్పులోకి చూశాడు. నేను తేలుకుట్టిన దొంగలాగ ఉన్నాను. అవసరముందని చెప్తే, ఇందాక ఆ పిల్ల ఏమందో తెలిసిపోతుంది. నీళ్ళొచ్చాయని మూడేళ్ళ కింద సంతకం పెట్టిన చెయ్యి ఎవరిదో తెలిసిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి ఎలా ఉంటాడో చూడాలంటే ఆ రోజు నన్ను చూస్తే సరిపోయేది.

"ఏమీ లేదు సార్, అన్నీ బాగున్నాయి" అన్నాను. హెడ్మాస్టరు కాదు, నేనే అన్నాను.

ఆయన వెళ్ళాక ఆ రోజు కార్యక్రమం మీద నివేదిక రాయాల్సింది కూడా నేనే. నేను భాషాంతరం చేసిందే రాశాను. ఇప్పటికీ ఆఫీసు ఫైల్లో అదే ఉంది: తొమ్మిదో తరగతి విద్యార్థిని నీటి పొదుపు గురించి స్ఫూర్తిదాయకంగా మాట్లాడింది. అన్న మాట రాసుకునేవాళ్ళుంటారు కాబట్టి ఓడిపోయేదైనా పెడతారని ఆ పిల్లకు చెప్పినదాన్ని నేను. రాసుకునేవాళ్ళు నాలాంటివాళ్ళయితే ఏం జరుగుతుందో చెప్పలేదు.

సర్కారు ఖర్చుల్ని ఆడిటర్లు చూస్తారని, వాళ్ళ నివేదికను పార్లమెంటు కమిటీ పరిశీలిస్తుందని, ఆ కమిటీకి ప్రతిపక్షం మనిషే అధ్యక్షుడుగా ఉంటాడని మరుసటి వారం పాఠంలో రావాలి. ఆ పేజీ తిప్పేసి, ఇది పరీక్షకు రాదు అన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తరగతిలో నన్ను ప్రశ్న అడగడం అప్పటికే మానేశారు.

ఆదివారాలు చర్చిలో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాను. అందరూ కలిసి చదివేటప్పుడు అది పెద్ద కష్టం కాదు. ఎవరి పాపం ఏదో ఎవరికీ తెలియదు, గొంతులన్నీ ఒకటే. మార్చి అంతా అలాగే చదివాను. నెలాఖరు దాటాక, డబ్బు వెనక్కి పోయిందని తెలిశాక, ధైర్యం వచ్చింది. పనికిరాని ధైర్యం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళు లేవని విద్యాధికారికి ఉత్తరం రాశాను. ఆ పిల్ల అన్నదేమిటో, నేను చెప్పిందేమిటో మాత్రం అందులో రాయలేదు. ఆ సంవత్సరం లెక్కలు మూసేశారని, వచ్చే సంవత్సరం కోరికల పట్టీలో చేర్చమని జవాబు వచ్చింది. తర్వాతి సంవత్సరం మోటారు వచ్చింది. నీళ్ళు ఇప్పుడు వస్తున్నాయి. నాకు దాంట్లో ఏ గొప్పా లేదు.

ఎందుకంటే అప్పటికే ఆ అమ్మాయి బడి మానేసింది. తొమ్మిది పాసయింది, జూన్‌లో పదో తరగతికి రాలేదు. నేను అప్పటికి టీచర్ల మరుగుదొడ్డికి తాళం తీసేయించి, ఆయాతో ఇంకో నాలుగు బకెట్లు మోయిస్తున్నాను. జూలైలో నాట్ల కాలంలో, ఈ మాట చెప్పి ఆ పిల్లను తీసుకొద్దామని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వెళ్ళే ముందే ఒక నిర్ణయం చేసుకున్నాను: వాళ్ళమ్మ ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి, ఆ పిల్ల ముందే చెప్పాలి.

రేకుల ఇల్లు. వాళ్ళమ్మ మడి నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి గాబరాగా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది.

"రాండి మేడమ్, కూసోండి. మా పాప మీ గురించి ఎంత చెప్తాదో. మీరు నేర్పిచ్చిన మాటలు చెప్పిందంట, దొడ్డ సాబు మెచ్చుకున్నాడంట. చూడండి, ఎట్ల పెట్టుకుందో" అని దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు చూపించింది. అందులో పెన్ను. కవరు కూడా విప్పలేదు.

ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద ఎండి ఉంది. నా మొహం చూసింది, వాళ్ళమ్మను చూసింది. ఇంట్లో చెప్పలేదన్నమాట. తన టీచరు అబద్ధమాడిందని తల్లికి చెప్పకుండా ఆ పెన్నును మెచ్చుకోలుగానే ఇంటికి తెచ్చింది.

"బడికి పంపు తల్లీ, ఇంకొక్క సంవత్సరమే" అన్నాను.

"పంపేదానికేం మేడమ్. దానికే మనసు లేదు. బడికి పోతే నీళ్ళు తాగదు, సాయంత్రం వచ్చి కడుపు పట్టుకుంటాది. డాక్టరు రెండు తూర్లు తిట్టినాడు నన్ను. ఇప్పుడు నాట్లకొస్తాంది, నయమే. చెంబుడు చెంబుడు నీళ్ళు తాగతాది. కాలవ గట్టున చెట్ల మరుగుండాది. ఆరోగ్యంగుండాది." ఎవరినీ తప్పుపడుతున్నట్టు చెప్పలేదామె. వాన పడింది, ఎండ కాసింది అన్నట్టే చెప్పింది.

"ఇప్పుడు బీగం తీసేసినాం" అన్నాను. నా గొంతు నాకే చెడ్డగా వినిపించింది. ఇక చెప్పాలి. "ఆ పెన్ను సంగతి..." అని మొదలుపెట్టాను.

ఆ పిల్ల గబుక్కున లోపలికి పోయి స్టీలు చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. "తాగండి మేడమ్, ఎండలో వచ్చినారు" అంది. నేను పట్టుకుని కూర్చున్నాను. బస్సులో గంటన్నర పోవాలి. బయటికి వెళ్ళే రోజుల్లో నేనూ నీళ్ళు తాగను, అది నాకూ పాత అలవాటే. నా సందేహం చూసి ఆమె దగ్గరికి వంగి, వాళ్ళమ్మకు వినపడకుండా మెల్లగా చెప్పింది:

"భయం లేదు మేడమ్, తాగండి. ఇంటెనక దొడ్డుండాది. మీరొచ్చేది చూసి మీ కోసం బకెట్టు నిండా నీళ్ళు పెట్టినాను. దానికి బీగం లేదు."

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడుపైతే ఎంత బాగుండేది, నేను కోప్పడేదాన్ని. ఆ పిల్ల నిజంగానే నా కోసం నీళ్ళు పెట్టింది.

నేను ఆ చెంబు మొత్తం తాగాను. తర్వాత లేచి వెనక్కి వెళ్ళాను. మూడు పక్కల తాటాకు తడిక, ఒక పక్క గోనెపట్టా. బకెట్టు అంచు దాకా నీళ్ళు, పైన మగ్గు. లోపల నిలబడి నోటికి చీరచెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. చెప్పాలనుకున్నది వాళ్ళమ్మకు చెప్పకుండానే వస్తానని అక్కడే తెలిసిపోయింది. అలాగే వచ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ, ఆ పిల్ల అన్నది అన్నట్టుగా, రాసుకుంటున్నాను.

గోనెపట్టా తొలగించి బయటికి వచ్చేసరికి, నేను చేతులు కడుక్కోవడానికి ఇంకో చెంబు నీళ్ళు పట్టుకుని ఆ అమ్మాయి నిలబడి ఉంది.